నిఘా ఉపగ్రహం చెప్పిన టైముకి రాలేదా? తప్పెక్కడుందో ఇలా పట్టుకోండి

అమెరికా తన నిఘా ఉపగ్రహాల కక్ష్య వివరాలు బయటపెట్టదు. వాటిలో ఒకటైన యూఎస్ఏ 224 ఎప్పుడు మన మీదుగా పోతుందో తెలుస్తోందంటే, కొందరు ఔత్సాహికులు స్టాప్‌వాచీలతో, కెమెరాలతో కొలిచి కట్టిన లెక్కే ఆధారం. 2019 ఆగస్టులో ఇరాన్‌లోని సెమ్నాన్ వద్ద రాకెట్ పేలిన చోటి ఫొటోను ట్రంప్ ట్వీట్ చేస్తే, తీసింది ఈ ఉపగ్రహమేనని తేల్చడానికీ ఆ లెక్కలే పనికొచ్చాయి. పైన ఉపగ్రహం తన ఇంజిన్ మండించి కక్ష్య మార్చుకుంటే మర్నాటికే ఆ లెక్కలు పాతబడతాయి. మన పొరపాట్లు వేరే ఉంటాయి. ఈ రెంటినీ విడదీయాలి.

అసలేమీ కనబడలేదు

ముందు టైము చూడండి. కక్ష్య వివరాలు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి. మన తెల్లవారుజాము 5 గంటలంటే అక్కడ ముందురోజు 23:30. నేనొకసారి తేదీ మార్చడం మరిచి, రెండు రాత్రులు మేడ మీద దోమలకు విందు చేశాను.

టైము సరిగ్గానే ఉంటే భూమి నీడ లెక్క చూడండి. ఎండ తగిలితేనే ఉపగ్రహం మనకు కనిపిస్తుంది, నీడలో ఉంటే కనబడదు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి దిగేసరికి నడినెత్తిన నీడ సుమారు 330 కి.మీ. ఎత్తుకు చేరుతుంది, 24 డిగ్రీలకు 600 దాటుతుంది. హైదరాబాద్‌లో సూర్యుడు అస్తమించిన గంటా నలభై నిమిషాలకే ఆ స్థితి వస్తుంది. ఆ తర్వాత తక్కువ ఎత్తులో తిరిగేవాటి కోసం నడినెత్తిన వెతకడం దండగ.

వచ్చింది గానీ, టైము తప్పింది

వెంటనే "కక్ష్య మార్చేశారు" అనకండి. అదే సాయంత్రం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని తాజా వివరాలతో చూడండి. అదీ తేడాగా వస్తే తప్పు మీ గడియారంలోనో, మీరు నమోదు చేసిన చోటులోనో ఉంది. ఉపగ్రహం సెకనుకు సుమారు 7.7 కి.మీ. పోతుంది కాబట్టి ఇక్కడ సెకన్లతోనే పని.

అంతరిక్ష కేంద్రం సరిగ్గా వచ్చిందా? ఇప్పుడు మీ నిఘా ఉపగ్రహం తేడా ఏ వైపో చూడండి. ముందే వస్తుంటే, చాలాసార్లు గాలి రాపిడికి కక్ష్య కుంగుతోందని అర్థం. ఆలస్యంగా వస్తుంటే కక్ష్యను పైకి లేపి ఉండొచ్చు. వింతగా ఉంటుంది గానీ, వేగం పెంచడానికి ఇంజిన్ మండిస్తే చుట్టు పెద్దదై, మన దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. 400 కి.మీ. ఎత్తులో సగటున 1 కి.మీ. పెరిగితే ఒక్కో చుట్టుకు 1.2 సెకన్లు, రోజుకు దాదాపు 19 సెకన్లు ఆలస్యం.

ఉపగ్రహం ఒక్కసారి మన మీదుగా పోవడం (పాస్) చూసి తీర్పు చెప్పొద్దు. నాలుగైదు రాత్రుల తేడాలు గ్రాఫ్ కాగితం మీద పెట్టండి. రోజులు రెట్టింపైతే తేడా సుమారు నాలుగింతలైతే అది రాపిడి పని. తిన్నని గీతలా పెరిగితే ఇంజిన్ ఒకసారి మండి ఆగింది. ఆ గీతను వెనక్కి పొడిగించండి. తేడా సున్నా అయ్యే చోట ఇంజిన్ మండిన రోజు దొరుకుతుంది. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన ఘడియ అదే.

దారి పక్కకు జరిగింది

ఇది ఎక్కువగా ఆలస్యం వల్లే. ఉపగ్రహం ఒక నిమిషం ఆలస్యమయ్యేలోపు భూమి పావు డిగ్రీ తూర్పుకు తిరుగుతుంది. ధ్రువాల మీదుగా 400 కి.మీ. ఎత్తున పోయేది నడినెత్తిన రావాల్సింది, దాదాపు 4 డిగ్రీలు పడమరగా కనిపిస్తుంది. ఆ లెక్క తీసేశాక కూడా తేడా మిగిలితేనే కక్ష్యాతలం, అంటే కక్ష్య ఉన్న తలం, మారిందని అనుమానించండి. తలాన్ని ఒక్క డిగ్రీ వంచాలన్నా సెకనుకు 130 మీటర్లకు పైగా వేగం మార్పు కావాలి. అంత ఇంధనం ఊరికే తగలెయ్యరు.

ఒకటికి రెండు చుక్కలు జంటగా పోతున్నాయి

మీ కళ్లు బాగానే ఉన్నాయి. అమెరికా నౌకాదళం ఓడలపై నిఘాకు వాడే జంట ఉపగ్రహాలై ఉంటాయి, సుమారు 1,100 కి.మీ. ఎత్తులో.

వారాలైనా జాడ లేదు

ఎత్తు మారినా కక్ష్యాతలం ఒక్కసారిగా ఎక్కడికీ పోదు. పాత వివరాలతో ఆ తలం మీ ఆకాశంలో ఏ గీత వెంబడి పడుతుందో నిమిషం నిమిషానికీ లెక్కగట్టండి. వెడల్పుగా చూపే బైనాక్యులర్‌ను ట్రైపాడ్ మీద బిగించి, ఉపగ్రహానికి ఎండ తగిలినంతసేపూ ఆ గీతనే కాపు కాయండి. 2010లో కక్ష్య మార్చుకుని తప్పిపోయిన ఎక్స్-37బీ అనే అమెరికా సైనిక మానవరహిత అంతరిక్ష విమానాన్ని ఔత్సాహికులు కొద్ది వారాల్లోనే మళ్లీ పట్టేశారు.