చిన్న వ్యాపారానికి బ్యాంకు అప్పు: మేనేజరు దగ్గరికి వెళ్లే ముందే చేసుకోవాల్సిన పని

“సార్, ఒక లక్ష ఇప్పించండి.”
“దేనికమ్మా?”
“వ్యాపారానికి.”
“ఏం కొంటారు?”
“మీరు ఎంత ఇస్తే అంతకు కొంటాను సార్.”

ప్రకాశం జిల్లా మండల బ్రాంచీల్లో మేనేజరుగా పనిచేసినన్నాళ్లూ చాలా దరఖాస్తులు నా టేబుల్ ముందు ఈ మాట దగ్గరే ఆగిపోయేవి. అడిగే మనిషి మంచిదే, బండి మీద వ్యాపారమూ బాగానే నడుస్తుంటుంది. కానీ ఫైల్లో నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు. అప్పు మంజూరు చేసేవాడు ఇచ్చేది సొంత డబ్బు కాదు. రేపు ఆడిట్‌కు వచ్చినాయన “ఈవిడకు ఏ లెక్కన ఇచ్చావు?” అంటే చూపించడానికి కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఏముండాలో, దాన్ని మీరే ఎలా తయారు చేసుకోవచ్చో చెప్తాను.

అన్నిటికంటే ముందు మీ బండికి అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో చూడండి. చాలాచోట్ల అది కొడుకుదో అల్లుడిదో అయి ఉంటుంది. రోజూ వెయ్యి, పదిహేను వందలు ఆ ఖాతాలో పడుతుంటాయి, మీ పాస్‌బుక్ మాత్రం ఖాళీ. అప్పు అడిగేది మీరు, వ్యాపారం కనిపించేది వాళ్ల స్టేట్‌మెంట్‌లో! కోడ్‌ను వెంటనే మీ ఖాతాకు మార్పించండి. నగదుగా వచ్చిన దాంట్లోనూ కొంత వారానికోసారి ఖాతాలో వేయండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ అలా నిండాక వెళితే మేనేజరు అడిగే సగం ప్రశ్నలకు అదే జవాబు చెబుతుంది.

తర్వాత ఒక నోట్‌బుక్ కొని రోజువారీ లెక్క రాయండి. మచ్చుకు ఒక టిఫిన్ బండి చూద్దాం. రోజు అమ్మకం 2,400. రవ్వ, పప్పులు, నూనె, కూరగాయలకు 1,300, గ్యాస్‌కు 200, కవర్లకూ సాయం చేసే మనిషికీ 200. మిగిలేది 700. నెలకు 30 రోజులని రాయకండి. వాన పడ్డ రోజు, పెళ్లికెళ్లిన రోజు, ఒళ్లు బాగాలేని రోజు తీసేసి 25 వేసుకోండి. నెలకు 17,500. ఇంటి ఖర్చు 12,000 పోతే చేతిలో ఉండేది 5,500. వాయిదా ఇందులో సగం దాటకూడదన్నది నా లెక్క. ఏ మేనేజరైనా కాదనడు.

ఇప్పుడు అప్పు ఎంత అడగాలో తేలుతుంది. 12 శాతం వడ్డీతో 50,000 తీసుకుని 24 నెలల్లో కడితే వాయిదా దాదాపు 2,354. మన 5,500లో సగం కంటే ఇది తక్కువే, కాబట్టి ఈ బండి మోయగలదు. ఆ డబ్బుతో ఏం కొంటారో కొటేషన్ తెచ్చుకోండి: గ్రైండరుకు ఇంత, కొత్త స్టవ్‌కు ఇంత, సరుకు నిల్వకు ఇంత అని. యంత్రం డబ్బును బ్యాంకు చాలాసార్లు నేరుగా షాపువాడి ఖాతాకే పంపుతుంది. దానికి నొచ్చుకోకండి.

ఎక్కడ అడగాలన్నది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. ఇప్పటికే డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడే మొదలుపెట్టండి. నాబార్డు 1992లో ప్రయోగంగా మొదలుపెట్టిన సంఘాల బ్యాంకు లింకేజీలో, అంటే సంఘానికి బ్యాంకు అప్పిచ్చే పద్ధతిలో, ఇప్పటికీ చూసేది అవే ఐదు: సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. పుస్తకం సరిగా లేని సంఘానికి ఎంత పెద్దవాళ్లు సిఫార్సు చేసినా పని నడవదు. పట్టణంలో రోడ్డు పక్క అమ్మేవాళ్లయితే కేంద్ర ప్రభుత్వ అప్పుల పథకం పీఎం స్వనిధి ఉంది. 2025లో మార్చాక తొలి విడత 15,000, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలోకి వస్తుంది. వెండింగ్ కార్డు గానీ మున్సిపాలిటీ సిఫార్సు లేఖ గానీ కావాలి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లను అడగండి.

సొంత పేరు మీద షాపు, కుట్టుమిషన్లు, బండి ఏదున్నా కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం కింద అడగొచ్చు. 2015 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. 50,000 వరకు శిశు, ఆపై 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. తనఖా అడగకూడదు. ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రభుత్వ హామీ నిధి ఉంది కదా, కట్టకపోయినా పర్లేదు అని ఊళ్లలో ఒక ప్రచారం ఉంది. ఆ హామీ బ్యాంకు నష్టానికి. మీ బాకీ మీ బాకీగానే ఉంటుంది, మీ అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో మచ్చ కూడా పడుతుంది. ఇంకోటి, ముద్రకు ఏజెంట్లు లేరు. “లోన్ శాంక్షన్ అయింది, ప్రాసెసింగ్‌కు మూడు వేలు పంపండి” అని ఫోన్ వస్తే కట్ చేసేయండి.

జీఎస్టీ లేని చిన్న వ్యాపారం కూడా ఉద్యమ్ అసిస్ట్ అనే ప్రభుత్వ వేదికలో నమోదై సర్టిఫికెట్ తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్, ఫొటోలు, స్టేట్‌మెంట్, కొటేషన్, నోట్‌బుక్, ఈ సర్టిఫికెట్ ఒకే కవర్లో పెట్టుకోండి. నెల మొదటి వారం పెన్షన్ల రద్దీ, చివర్లో క్లోజింగ్ టెన్షన్. నెల మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్లండి. మీ వ్యాపారం ఏ వేళలో జోరుగా ఉంటుందో ఫీల్డాఫీసరుకు చెప్పండి. ఉదయం ఏడింటికి కళకళలాడే బండిని ఆయన పన్నెండింటికి వచ్చి చూస్తే మూత పెట్టిన గిన్నెలే కనిపిస్తాయి.

వడ్డీ దగ్గర మొహమాటం వద్దు. “ఫ్లాటా, రెడ్యూసింగా?” అని అడగండి. ఫ్లాట్ అంటే బాకీ తరిగినా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ. 50,000కు 24 నెలలు 12 శాతం ఫ్లాట్ అయితే వడ్డీ 12,000. అదే 12 శాతం తరుగుతున్న బాకీ మీద అయితే సుమారు 6,500. ఇక రోజువారీ ఫైనాన్సు చూడండి. చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ బాకీ రోజూ తరుగుతోంది కాబట్టి లెక్కేస్తే నూటికి నెలకు ఆరు రూపాయలు దాటుతుంది. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి ఇస్తాడు కాబట్టి ఎవరూ ఆ లెక్క వేయరు.

కొన్ని బ్యాంకులు గ్రూపుల ద్వారా మైక్రోఫైనాన్స్ అప్పులు కూడా ఇస్తున్నాయి. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల వేధింపులు ఆర్డినెన్సు దాకా వెళ్లిన సంగతి తెలిసిందే. ఇప్పుడు రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నిబంధనలు ఈ అప్పుల విషయంలో బ్యాంకులకూ వర్తిస్తాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండానే ఇవ్వాలి. ఇంట్లో అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. లోన్ కార్డు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ ఇష్టం లేకుండా ఇన్సూరెన్సు అంటగట్టకూడదు. సంతకం పెట్టేముందు “ఇందులో ఇన్సూరెన్సు ఎంత?” అని ఒక్క మాట అడగండి.

బ్యాంకు అప్పు కాదంటే కారణం కాగితం మీద అడగండి, అది రాసివ్వడం బ్యాంకు బాధ్యత. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోవడం మర్చిపోకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే 14448కి ఫోన్ చేసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఎలా వెళ్లాలో కనుక్కోవచ్చు. నా అనుభవంలో ఎక్కువమంది అంతదాకా వెళ్లాల్సిన పని రాలేదు. కారణం రాసిమ్మనేసరికి ఫైలు మళ్లీ టేబుల్ మీదికి వచ్చేది.

మంజూరయ్యాక వాయిదా తేదీని మీ గిరాకీని బట్టి పెట్టించుకోండి. కాలేజీ ముందు బండి అయితే సెలవుల నెలకు వాయిదా డబ్బు ముందే ఖాతాలో ఉంచండి. చివరి వాయిదా కట్టాక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఒకట్రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీయించి, అందులో ఆ అప్పు ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి. ఏడాదికి ఒకసారి అది ఉచితమే. అలా పడి ఉంటే రెండో అప్పు అడగడానికి పాత నోట్‌బుక్‌తో పాటు ఆ రిపోర్టూ పట్టుకెళ్లండి.