టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత నోటి దుర్వాసన: ఏం చేయాలి, ఏం చేయకూడదు

టాన్సిల్స్ తీయించుకున్న రెండు మూడు రోజులకు నోటి నుంచి మునుపెన్నడూ ఎరుగని ఘాటైన వాసన మొదలవుతుంది. టార్చిలైటు వేసి చూస్తే కొండనాలుకకు ఇరువైపులా తెల్లగానో పసుపుపచ్చగానో మందపాటి పొర కనిపిస్తుంది; దానిని చీము అనుకొని ఇంటిల్లిపాదీ హడలిపోవడం మామూలే. అది గాయం మానేటప్పుడు కట్టే పెచ్చు. మోకాలి దెబ్బ మీద ఎండి నల్లబడే పెచ్చే, గొంతులోని తడికి నాని తెల్లగా ఉంటుంది. దాని మీద నోటిలోని సూక్ష్మజీవులు చేరడం వల్ల వాసన వస్తుంది. సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య పెచ్చు ఊడిపోతుంది, రెండు వారాలకల్లా వాసన తగ్గుతుంది.

మింగితే నొప్పి అని నీళ్లు మానేయడం, వాపు వల్ల నోటితో ఊపిరి తీయడం నోటిని ఎండగట్టి వాసనను పెంచుతాయి కనుక, అసలు మందు గొంతును తడిగా ఉంచడమే. డాక్టరు రాసిన నొప్పి మందును భోజనానికి అరగంట ముందు వేసుకొని, చల్లని మజ్జిగ, పలుచని జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం కొద్దికొద్దిగా తీసుకోవాలి. మంచినీళ్లు మాత్రం గంటగంటకూ నాలుగు గుక్కలైనా తాగుతుండాలి. పళ్లు మెత్తని బ్రష్‌తో తోముకోవచ్చు గాని, బ్రష్ గొంతు దాకా పోనివ్వరాదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ గాయాన్ని మండిస్తుంది. పుక్కిలించడానికి ఏదైనా వాడాలా వద్దా అన్నది మీ డాక్టరునే అడగండి. బలంగా గరగరలాడించడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. వేలికి గుడ్డ చుట్టి ఆ పొరను తుడిచేద్దామనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారిని మర్యాదగానే ఆపండి, ఎందుకంటే పెచ్చు బలవంతంగా లేస్తే రక్తం కారుతుంది.

వాసన కన్నా గమనించవలసింది రక్తాన్ని. పెచ్చు ఊడే రోజుల్లో ఉమ్మిలో ఎర్రటి తాజా రక్తం కనబడితే, అది కొంచెమే అయినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మళ్లీ మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక దారిలో ఏమీ తినకూడదు, తాగకూడదు. 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి తగ్గని జ్వరం ఉన్నా, మూత్రం బాగా తగ్గిపోయినా, రెండు వారాలు దాటినా వాసన పోకున్నా డాక్టరుకు చూపించాలి. పసిపిల్లలు రక్తాన్ని ఉమ్మకుండా మింగేస్తారు. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లేపి, లైటు వేసి గొంతు చూడండి.