బృందగానాన్ని నడిపించడం – స్వయంశిక్షణ, 6వ భాగం: చేతికంటే ముందు చెవి

గత భాగంలో రెండు, మూడు, నాలుగు దెబ్బల తాళాలను చేతితో చూపే పద్ధతి నేర్చుకున్నాం. ఈసారి చేతికి విశ్రాంతినిచ్చి చెవికి పని చెబుదాం. ఇందుకు మనం పరిశీలించదగిన నాయకుడు ఇంగ్లండుకు చెందిన సర్ డేవిడ్ విల్‌కాక్స్.

ఆయన 1919 డిసెంబరు 30న కార్న్‌వాల్‌లోని న్యూకీలో జన్మించారు. ఏ స్వరం వినిపించినా ఆధారశ్రుతి లేకుండానే పేరు చెప్పగల శక్తి ఆ పిల్లవాడికి ఉందని మొదట కనిపెట్టినది, పియానోను శ్రుతి చేయడానికి ఇంటికి వచ్చిన మనిషి. ఆ చెవే ఆయనను లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీ బాలగాయక బృందానికి, అక్కడినుంచి క్లిఫ్టన్ కళాశాలకు, 1939లో కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కళాశాలకు చేర్చింది. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1944 జులైలో నార్మండీలోని హిల్ 112 దగ్గర చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ పొందిన ఈ సైనికాధికారి, తిరిగివచ్చి చదువు ముగించి, సాల్స్‌బరీ, వుస్టర్ కెథీడ్రల్‌లలో (పెద్ద చర్చీలలో) ఆర్గన్ వాయించే ఆర్గనిస్టుగా పదేళ్లు పనిచేశారు.

మన పాఠానికి ముఖ్యమైన కాలం 1957 నుంచి 1974 వరకు, ఆయన కింగ్స్ కళాశాల గాయకబృందాన్ని నడిపిన కాలం. పదహారుమంది బాలురు అన్నిటికంటే పై వరుస అయిన సొప్రానో పాడితే, పద్నాలుగుమంది యువకులు దానికింద క్రమంగా దిగే ఆల్టో, టెనార్, బేస్ వరుసలు పాడే బృందం అది. వారు పాడే ప్రార్థనాలయం చాలా పొడవైనది, దాని రాతి కప్పు చాలా ఎత్తైనది. అక్కడ పాడిన స్వరం పాడటం ఆపేశాక కూడా కొన్ని క్షణాలపాటు గాలిలో నిలిచే ఉంటుంది. అలాంటి చోట ఒక్క గొంతు శ్రుతి తప్పినా ఆ తప్పు తరువాతి స్వరంమీదికి కూడా పాకుతుంది, ఒక్కరు హల్లును ఆలస్యంగా పలికినా మాట మసకబారుతుంది. అందుకే విల్‌కాక్స్ సాధనలో శ్రుతిశుద్ధికీ, అక్షరాల ఏకత్వానికీ పట్టుబట్టేవారు. బైబిలులోని కీర్తనల గ్రంథంలోని కీర్తనలను ఆ బృందం పాడిన రికార్డింగులు వింటే, ముప్పైమంది కలిసి ఒకే మనిషిలా మాట్లాడుతున్నట్లు ఉంటుంది. నా దృష్టిలో ఆయన ఘనత చాటేవి, పెద్ద వాద్యబృందాలతో చేసిన కచేరీలకంటే ఈ కీర్తనలే.

ఇక సాధనకు వద్దాం. శ్రుతిపెట్టె పెట్టి, బృందం చేత నోరు మూసి మంద్రంగా 'మ్' అని షడ్జమం పట్టించండి. పక్కవారి గొంతు వినిపించనంత గట్టిగా ఎవరూ పాడకూడదు. ఆపై శ్రుతిపెట్టె ఆపి, తెలిసిన పాటలో ఒక చరణం వాద్యం లేకుండా పాడించి, చివరి స్వరం మీద మళ్లీ శ్రుతిపెట్టె వినిపించండి. బృందం ఎంత దిగజారిందో అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఒకే స్వరాన్ని వరుసగా పలికేటప్పుడూ, అవరోహణలో కిందికి దిగేటప్పుడూ గొంతు అవసరానికి మించి జారడమే సాధారణంగా దీనికి కారణం. ఆ చోట్లను కాగితంమీద గుర్తుపెట్టుకొని, వాటిని మాత్రమే విడిగా పాడించండి. పాట మొత్తాన్ని పదేపదే పాడించడం శ్రమ దండుగ.

తరువాతది డెస్కాంట్, అంటే జనం అసలు వరుసను పాడుతుండగా సొప్రానోలు దానిపైన పాడే మరో వరుస. 1961లో రెజినాల్డ్ జాక్స్‌తో కలిసి విల్‌కాక్స్ సంపాదకత్వం వహించిన క్రిస్మస్ గీతాల సంకలనంలోని ఆయన డెస్కాంట్లు నేటికీ దేశదేశాల చర్చీలలో వినిపిస్తాయి. మన చర్చీలలో 'ఓ సద్భక్తులారా' అని పాడుకునే పాట వరుసకు కూడా ఆయన డెస్కాంట్ ఉంది. దానిని జి శ్రుతిలో (పాశ్చాత్య స్వరం 'జి' షడ్జమంగా) పెట్టడం వల్ల ఆ వరుస మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా మాత్రమే నడుస్తుంది. జనం గొంతు చించుకోనక్కరలేదు. మొదటి చరణాలను సాదాగా వదిలి, డెస్కాంట్‌ను ఆరవ చరణానికి దాచి, చివరి చరణంలో ఆర్గన్ స్వరసమ్మేళనాన్ని కొత్తగా మార్చడం ఆయన నేర్పు. ప్రతి చరణానికీ అలంకారం చేసే మన క్వయర్లు (గాయకబృందాలు) గమనించవలసిన విషయమిది.

తెలుగు మాటలతో డెస్కాంట్ పాడేటప్పుడు, అచ్చులు దీర్ఘంగా సాగే 'లారా' వంటి చోట్ల అందరి నోటి ఆకారం ఒకటే ఉండాలి. 'ద్భ', 'క్తు' వంటి సంయుక్తాక్షరాలను దెబ్బకు సరిగ్గా ఒకేసారి పలకాలి.

కింగ్స్ విడిచాక విల్‌కాక్స్ 1984 వరకు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కు డైరెక్టరుగా ఉన్నారు. 1977లో సర్ బిరుదు పొందారు. 1960లో చేపట్టిన, లండన్‌లోని బాఖ్ క్వయర్ అనే గాయకబృందం నాయకత్వాన్ని మాత్రం 1998 వరకు వదలలేదు. 2015 సెప్టెంబరు 17న మరణించారు.

వచ్చే భాగంలోపు చేయవలసిన పని: మీ బృందానికి బాగా తెలిసిన ఒక పాటలో చివరి చరణానికి మాత్రమే డెస్కాంట్ రాయండి. అసలు వరుస కదిలేటప్పుడు మీ వరుసను నిలపండి. అది నిలిచినప్పుడు మీది కదిలించండి. దెబ్బ పడే ప్రతిచోటా రెండు స్వరాలనూ కలిపి పలికించి, చెవికి గుచ్చుకున్న దానిని మార్చి తీసుకురండి.