మాస్ట్ ఎక్కడం ఎలా? మంచె దగ్గర తొందర వద్దు

తెరచాపల ఓడలో కొత్తగా చేరిన ట్రైనీలు మొదటిరోజే మెడ వెనక్కి వంచి అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడిదాకా ఎక్కాలా?" ఎక్కాలి. జర్మనీ గోర్క్ ఫాక్ అయినా, అమెరికా ఈగిల్ అయినా, భారత నౌకాదళం తరంగిణి అయినా మూడు మాస్ట్‌లు, అంటే చాపలు మోసే నిలువు స్తంభాలు, ఉన్న బార్క్ రకం ఓడలే. ముందున్న రెండు మాస్ట్‌లకు అడ్డంగా యార్డ్‌లనే దూలాలు, వాటికి వేలాడే చాపలు ఉంటాయి. ఆ చాపను చుట్టి కట్టాలంటే మనిషి పైకి వెళ్లాల్సిందే.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు క్లిప్పులున్న హార్నెస్ (ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీ), బిగుతుగా కట్టిన బూట్లు. జేబులు ఖాళీ చేయండి, ఉంగరాలు తీసేయండి, జుట్టు ముడేయండి. పనిముట్టు ఏదైనా తాడుతో ఒంటికి కట్టుకోవాలి. చేతులకు గ్లౌజులు వద్దు. వేసుకుని ఎక్కేవాళ్లున్నారు, నేను మాత్రం ఒప్పుకోను. తాడు తడిగా ఉందో, నూలు లేచిపోయిందో వేళ్లకే తెలియాలి.

అనుమతి అడగకుండా కాలు పైన పెట్టొద్దు. రాడార్ ఆపారో లేదో, యార్డ్ కదలకుండా బిగించారో లేదో డెక్ మీదున్నవాళ్లకే తెలుసు.

ఎప్పుడూ గాలి కొట్టే వైపు నుంచే ఎక్కండి. ఓడ అవతలికి ఒరుగుతుంది కాబట్టి తాళ్లు గోడకు ఆనించిన నిచ్చెనలా వాలి ఉంటాయి, గాలి మిమ్మల్ని వాటికే నొక్కుతుంది. చేతులతో నిలువు తాళ్లను, అంటే ష్రౌడ్లను పట్టుకోండి. అడ్డంగా మెట్ల మాదిరి కట్టిన రాట్లిన్లు కాళ్లకు మాత్రమే. పాదం పెట్టినప్పుడు రాట్లిన్ తెగితే చేతులు నిలబెడతాయి. చేతులు కూడా దాన్నే పట్టుకుని ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇంతవరకూ ఎవరైనా ఎక్కేస్తారు. అసలు కష్టం మంచె కింద మొదలవుతుంది.

మాస్ట్ మధ్యలో మంచెలాంటి చిన్న వేదిక ఉంటుంది, దాన్ని టాప్ అంటారు. దాని అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ అంచు నుంచి మాస్ట్ వైపు లోపలికి దిగే పొట్టి తాళ్లే ఫటక్ ష్రౌడ్లు. వాటి మీద ఎక్కుతున్నప్పుడు మీ వీపు సముద్రం వైపు ఉంటుంది, శరీరం వెనక్కి వాలుతుంది. నేను చూసినంతలో అందరూ బిగుసుకుపోయేది ఇక్కడే.

కారణం భయం ఒక్కటే కాదు. భయమేసినప్పుడు మనిషి తాళ్లను కావలించుకుంటాడు. ఛాతీ తాళ్లకు అతుక్కుంటే నడుము వెనక్కి జారి వేలాడుతుంది, బరువంతా ముంజేతుల మీద పడుతుంది. రెండు నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. ఒక కుర్రాడు ఇలాగే ఇరుక్కుపోయాడు. నోటితో "బానే ఉన్నా సార్" అంటున్నాడు, మోకాళ్లు మాత్రం కుట్టు మిషన్‌లా ఆడుతున్నాయి.

చేయాల్సింది దీనికి తలకిందులు. నడుమును తాళ్లకు దగ్గరగా తెచ్చి, చేతులను చాచి ఉంచండి. పాదాన్ని రాట్లిన్ నడిమికి కాకుండా ష్రౌడ్‌కు కట్టిన ముడి పక్కన పెట్టండి, అక్కడ కుంగదు. లాగేది చేతులు కాదు, తోసేది కాళ్లు. ఒకసారికి ఒక చెయ్యో ఒక కాలో మాత్రమే కదలాలి.

క్లిప్ ఎప్పుడు పెట్టాలి? వేలాడుతూ వెతుక్కునేటప్పుడు కాదు. కింది ష్రౌడ్ల మీద హాయిగా నిలబడి ఉన్నప్పుడే మొదటి క్లిప్‌ను తల పైన గట్టి తాడుకో కడ్డీకో తగిలించండి. రెండోది తగిలించాకే మొదటిది తీయాలి.

అంచు దాటేటప్పుడు చెయ్యి పైకి చాచి, మంచె మీద మొదలయ్యే పై ష్రౌడ్‌ను అందుకోండి. పక్కనే చేతికందేలా వేరే తాళ్లు ఊరిస్తుంటాయి. వాటిని ముట్టుకోవద్దు. కింద ఎవరో లాగితే అవి కదిలిపోతాయి. మంచె మీద మోకాలు ఆనించొద్దు, పాదమే పెట్టాలి. మోకాళ్ల మీద చేరినవాళ్లు మళ్లీ లేవడానికి పడే పాట్లు చూడలేం.

చేతులు వణికితే? మొండికేయకుండా రెండు మెట్లు దిగి, కింది ష్రౌడ్ల మీద ఊపిరి తీసుకుని మళ్లీ ప్రయత్నించండి. "కిందికి చూడకు" అని అరిచే సీనియర్ల మాట వినొద్దు. పాదాన్ని చూడకుండా పాదం ఎక్కడ పెడతారు? నా దగ్గర నేర్చుకునేవాళ్లు రేవులో కట్టేసిన ఓడ మీద మూడుసార్లు ఎక్కి దిగాకే సముద్రంలో ఎక్కుతారు. ఒకేసారి కెరటాల్లో ఎక్కిస్తే ధైర్యం వస్తుందనేవాళ్లు ఆ కుర్రాడి మోకాళ్లు చూడలేదు.

ఇక యార్డ్ మీద పని తేలికే. దాని కింద వేలాడే ఫుట్‌రోప్ మీద కాలు పెట్టే ముందు గట్టిగా చెప్పండి, ఎందుకంటే మీ బరువుకు పక్కవాడి కాళ్ల కింద తాడు ఎగురుతుంది. క్లిప్ యార్డ్ పైనున్న కడ్డీకి పెట్టి, పొట్ట యార్డ్ మీద ఆనించి, చాపను గుప్పిళ్లతో పైకి లాగి అందరూ కలిసి చుట్టండి. చుట్టిన చాపను కట్టే తాడు గాస్కెట్‌తో బిగించి, ఒక్క లాగుకు ఊడే ముడి వేయండి.

దిగేటప్పుడూ ముఖం తాళ్ల వైపే. డెక్ మీదికి రాగానే పేరు చెప్పండి. మీరందరూ దిగారని లెక్క తేలేదాకా రాడార్ ఆన్ చేయరు.