దంతపు పిడి ఉన్న పాత కత్తిని శుభ్రం చేసే ముందు

ముందుగా మెత్తని గుడ్డ పరిచిన బల్ల సిద్ధం చేసుకోండి. ఒరను గుప్పిట్లో బిగించి కత్తి లాగకండి; అతుకు విడిపోయిన పాత ఒరలోంచి పదును నేరుగా వేళ్లను కోస్తుంది.

అసలు భయమంతా పిడి గురించే. దంతం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి పొడవునా చీలుతుంది. అందుకే నీళ్లలో నానబెట్టడం, ఎండలో ఆరబెట్టడం, బ్లీచ్ వాడటం పూర్తిగా మానండి. పొడి మెత్తని కుంచె చాలు. ఏళ్ల తరబడి వచ్చిన తేనెరంగు మురికి కాదు, దయచేసి దాన్ని గీకకండి.

ఉక్కుకు రాసే నూనె పిడికి తగిలితే మరక లోపలికి ఇంకిపోతుంది. రబ్బరు చేతి తొడుగులు కూడా దంతానికి పడవు, నైట్రైల్ అనే కృత్రిమ పదార్థంతో చేసినవి వేసుకోండి.

నిజమైన దంతమా అని కాల్చిన సూదితో గుచ్చకండి, ఆ మచ్చ శాశ్వతం. అడ్డుకోత కనిపించే చోట భూతద్దంతో చూస్తే, ఏనుగు దంతమైతే ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు కనిపిస్తాయి.

అమ్మాలన్నా, దేశం దాటించాలన్నా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం), స్థానిక చట్టం ముందే తెలుసుకోండి. బ్రిటన్‌లో 2018 చట్టం పాత దంతపు వస్తువుల అమ్మకాన్ని కూడా చాలావరకు నిషేధించింది.