డిప్రెషన్ మందుతో ఒళ్లు వస్తోందా? మాత్ర ఆపకముందే చూడాల్సినవి

మనసు కాస్త కుదుటపడి, నిద్ర పడుతున్న సమయంలోనే పెళ్లిలో ఏ పెద్దమ్మో 'ఏటమ్మా, ఇంత ఒళ్లు చేసేశావు!' అంటుంది. ఇంటికొచ్చి మాత్రలు అటకెక్కిస్తారు. విశాఖలో ఏ మందుల షాపు దగ్గర నిలబడినా వినిపించే సంగతే ఇది. బరువు పెరగడానికి కారణాలు చాలా ఉంటాయి. ఏది మీదో తేలేదాకా మాత్ర మాత్రం ఆపకండి.

పోయిన బరువే తిరిగొస్తోంది

డిప్రెషన్‌లో తిండి సహించక చిక్కిపోయినవాళ్లు కోలుకునేటప్పుడు బరువు పెరగడం సహజం. ఇప్పటి బరువును మందు మొదలుపెట్టిన రోజుతో కాదు, జబ్బుకు ముందు బరువుతో పోల్చండి. అక్కడికే వచ్చి ఆగితే చేయాల్సిందేమీ లేదు.

రాత్రి మాత్ర వేసుకున్నాక ఆగని ఆకలి

పదింటికి మాత్ర వేసుకుంటారు. పదిన్నరకు వంటింట్లో లైటు వెలుగుతుంది. డబ్బాలో జంతికలు, ఫ్రిజ్‌లో మిగిలిన స్వీటు, ఆపైన పెరుగన్నం. పొద్దున్న లేచి 'నాకు బుద్ధి లేదు' అని తిట్టుకుంటారు. ఇది బుద్ధికి సంబంధించింది కాదు. మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు మెదడులో హిస్టమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. దాంతో మత్తు వస్తుంది, ఆకలి పెరుగుతుంది, మనసు తీపి మీదకు, పిండిపదార్థాల మీదకు పోతుంది. పారాక్సిటిన్‌తో కూడా చాలామంది బరువు పెరుగుతారు. ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలిన్‌లతో సాధారణంగా అంత ఉండదు, పెరిగినా మెల్లగా పెరుగుతారు. ఫ్లూయోక్సిటిన్‌తో మొదట్లో కొందరు తగ్గుతారు కూడా.

మాత్రను సగానికి విరిచి వేసుకుంటే ఆకలి తగ్గుతుందనుకోవద్దు. మిర్టాజపిన్ తక్కువ డోసులోనూ మత్తు, ఆకలి బాగానే ఉంటాయి, జబ్బుకు మాత్రం మందు చాలకుండా పోతుంది. అంతకంటే రాత్రి భోజనాన్ని మాత్ర వేళకు దగ్గరగా జరపండి. అందులో పప్పో, గుడ్డో, చేపో తప్పక ఉండాలి. హార్బర్ నుంచి వచ్చే కానాగంతలు పులుసుగా వండితే చాలు, వేపుడు అక్కర్లేదు. అర్ధరాత్రి చెయ్యి ఎటూ డబ్బా మీదకే పోతుంది కాబట్టి అందులో జంతికలకు బదులు వేయించిన శనగలు పోసి ఉంచండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అన్నం తిన్నాక దాని మీద చెంబెడు తాగితే లెక్క తప్పుతుంది. ఇవన్నీ చేసినా ఆకలి ఆగకపోతే మందు మార్చే అవకాశం ఉందేమో డాక్టర్‌ను అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

నిద్ర కోసం ఇచ్చిన రెండో మాత్ర

అసలు డిప్రెషన్ మాత్రను తిట్టుకుంటారు గానీ, నిద్రకిచ్చిన మాత్ర స్ట్రిప్ వెనక్కి తిప్పితే క్వెటియాపిన్ అనో, ఓలాంజపిన్ అనో ఉంటుంది. బరువు, షుగరు రెండూ పెంచడంలో ఇవి చాలా డిప్రెషన్ మందుల కంటే ముందుంటాయి. అది ఇంకా అవసరమా అని డాక్టర్‌ను అడగండి. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.

తిండి పెరగలేదు, బరువు పెరుగుతోంది

థైరాయిడ్ తక్కువైతే నీరసం, దిగులు, బరువు మూడూ కలిసే వస్తాయి. టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కసారైనా అవసరం. అది బాగుంటే నడక తగ్గిందేమో చూసుకోండి. మత్తు వల్ల పొద్దున్నే లేవలేనివాళ్లకు 'తెల్లారి నడవండి' అన్న సలహా పనికిరాదు. సాయంత్రం బీచ్ రోడ్డులో నడిచినా అంతే ఫలితం, మురీ మిక్స్చర్ బండి దగ్గర ఆగనంతవరకూ! ఈ మందుల్లో కొన్నింటికి చెమట ఎక్కువ పడుతుంది. వైజాగ్ ఉక్కపోతలో అది రెట్టింపు అనిపిస్తుంది, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి.

నోరు పిడచకట్టుకుపోయి కూల్‌డ్రింకులు, చెరకు రసం తాగుతుంటే బరువు దారి అదే. నీళ్లు, పల్చటి మజ్జిగ తాగండి.

మాత్ర మానేశాక తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం

ఇది ఉన్నట్టుండి ఆపడం వల్ల. పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ. బరువు అంత త్వరగా తగ్గదు, దిగులు మాత్రం తిరిగి రావచ్చు. ఆపాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

సన్నబడే పొడులు

'మూలికలే' అని అమ్మే కొన్నింట్లో సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందు కలిపినట్టు బయటపడింది. మన దేశంలో దాన్ని 2011లో నిషేధించారు. డిప్రెషన్ మందుతో కలిస్తే ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, గుండెదడ రావచ్చు. అలా వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లు వాచి, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి, ఆయాసం వచ్చినా అంతే. అది కొవ్వు కాదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు

వారానికోసారి, ఒకే మిషన్ మీద, పొద్దున్నే పరగడుపున చూసిన బరువు రాసి పెట్టండి. మొదటి నెలలోనే 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. నడుము కొలత కూడా రాయండి: మనవాళ్లలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లండి. ప్రైవేటులో ఫీజు భారమైతే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈలోగా మనసు బాగా కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.