డైలాగ్ లేనప్పుడు చేతులేం చేస్తాయి: నాటకం నుంచి కెమెరా ముందుకొచ్చే అమ్మలకు, అత్తలకు, తాతలకు

"ఈవిణ్ణి ఎక్కడో చూసినట్టుందే" అనిపించే మొహం నాది. పరిషత్ నాటకాల్లో, అంటే నాటక పోటీల్లో, ముప్పై ఏళ్లు, కెమెరా ముందు తొమ్మిదేళ్లు. హీరోకి అమ్మ, హీరోయిన్‌కి మేనత్త, విలన్ ఇంట్లో వంటమనిషి, సర్పంచ్ గారి భార్య. రెండు సినిమాల్లోనైతే గోడ మీద దండ వేసిన ఫొటోని మాత్రమే. (ఫొటోకీ పేమెంట్ ఉంటుంది, అడగండి. మొదటిసారి నేను మొహమాటపడ్డాను.)

పరిషత్తు అయ్యాక గ్రీన్‌రూమ్‌లో మేకప్ తుడుచుకుంటుంటే ఎవరో ఒకరు పక్కన చేరతారు. "అక్కా, సినిమాల్లో వేషాలెలా వస్తాయి?" రావడం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, రెండు ముక్కల్లో తేలిపోతుంది. వచ్చిన వేషం చెడగొట్టుకోకుండా రెండోసారి పిలిపించుకోవడమే కష్టం. నేను రాసేది ఎక్కువగా దాని గురించే. నాటకం వేసినవాళ్ల కోసమే రాస్తున్నాను. ఇంతవరకూ స్టేజీ ఎక్కనివాళ్లు ముందు దగ్గర్లో ఏదైనా నాటక సమాజంలో చేరి ఒక్క నాటికైనా వేసి రండి.

ముందు ఉద్యోగం సంగతి

మానకండి. ఎస్వీ రంగారావు గారంతటి మనిషే మొదటి సినిమా ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నారు. మళ్లీ పిలిస్తే వచ్చారు, 1951 నాటికి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడయ్యారు. కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశారు, 1978లో సినిమాకొచ్చారు. జయప్రకాశ్ రెడ్డి గారు బడిపంతులు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి నెలలో నాలుగు రోజులు పనుంటే ఆ తర్వాత రెండు నెలలు ఉండకపోవచ్చు. ఆ రెండు నెలలు ఇల్లు గడవాలి. జీతం వస్తున్నవాళ్లు వేషం దగ్గర బేరం కూడా నిమ్మళంగా ఆడతారు.

పిలుపు రావడం

మూడు ఫొటోలు చాలు: ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తు. మేకప్ వద్దు, పెళ్లిలో దిగిన పట్టుచీర ఫొటో అసలు వద్దు. కిటికీ ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీయించుకోండి, వెలుగు మొహం మీద పడాలి. దానికి తోడు ఒక నిమిషం వీడియో: పేరు, వయసు, ఊరు చెప్పి, మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టు నాలుగు మాటలు. నాటకంలో పేజీన్నర డైలాగ్ గుక్కతిప్పుకోకుండా చెప్పి పంపకండి. అది చూసి కో-డైరెక్టర్ "స్టేజీ మనిషి, అరుస్తుంది" అని పక్కన పెట్టేస్తారు. నన్ను అలాగే పక్కన పెట్టారు.

జుట్టుకి రంగు వేసే ముందు, మగవాళ్లయితే మీసం తీసే ముందు, చేతిలో ఉన్న సినిమా వాళ్లకి చెప్పండి. సగం షూటింగ్ అయిన వేషంలో తెల్లజుట్టు నల్లబడితే గొడవ మామూలుగా ఉండదు. వేషం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో నాలుగు రోజులు తిరిగితే అలాంటివాళ్లు నలుగురు తగులుతారు. ఆడవాళ్లు మొదటి రెండు మూడు షూటింగులకి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. బట్టలు మార్చుకునే చోటు ఎక్కడో ముందే అడగండి. అడిగినందుకు మనల్ని తక్కువ చేసి చూసే కంపెనీ అయితే ఆ సంగతి ముందే తెలియడం మంచిది.

గొంతు, చూపు

పరిషత్తులో మన మాట చివరి వరసకి వినపడాలి. ఇక్కడ మైకు జాకెట్టు లోపల, గుండెకి జానెడు దూరంలో ఉంటుంది. గొంతు తగ్గించడమంటే గొణగడం కాదు. నేను చేసేదేంటంటే, డైలాగ్ మొదట స్టేజీ మీద చెప్పినట్టే పూర్తిగా చెప్పుకుంటాను. తర్వాత, మధ్య మంచం మీద మనవడు నిద్రపోతున్నాడు, వాడు లేవకుండా ఆ పక్క మంచం మీదున్న మనిషితో ఇదే మాట అనాలి అనుకుని మళ్లీ చెప్తాను. కోపం అంతే ఉంటుంది, గొంతు మాత్రం దిగుతుంది. చాలా సీన్లకి ఈ కొలత సరిపోతుంది.

స్టేజీ మీద జనానికి మొహం కనపడాలని పక్కవాడితో మాట్లాడుతూ కూడా సగం జనం వైపే తిరిగి ఉంటాం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎదుటి మనిషినే చూడాలి. అదీ రెండు కళ్లలోకీ మార్చి మార్చి చూస్తే క్లోజప్‌లో మన కనుగుడ్లు గోళీల్లా అటూ ఇటూ ఆడతాయి. కెమెరాకి దగ్గరగా ఉన్న కన్ను ఒక్కదాన్నే చూడండి. చాలాసార్లు ఎదుట ఆర్టిస్టే ఉండరు. వాళ్ల షాట్లు తీసేసి పంపించేసి ఉంటారు. లైట్ స్టాండుకి అతికించిన టేపు ముక్కే మీ కొడుకు. దాన్ని చూస్తూ "తిన్నావా నాన్నా" అనాలి. నవ్వు రాకూడదు.

చేతులు

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన వేషాల్లో ముప్పాతిక వంతు వినడమే. హీరో మాట్లాడతాడు, వాళ్ల నాన్న మాట్లాడతాడు, మనం ఓ పక్కన ఉంటాం. చివర్లో "ఇక ఆపండి" అని ఒక్క మాట. ఆ మాట దాకా ఊరికే నిలబడితే బొమ్మలా ఉంటాం, అతిగా మొహం తిప్పితే హీరో సీను పాడుచేసినవాళ్లమవుతాం. చేతికో పని పెట్టుకోవాలి. ఏ పని అన్నది ఆలోచించి పెట్టుకోవాలి.

మూడో సినిమానో నాలుగోదో. అరుగు మీద సీను, నలుగురు ఆర్టిస్టులం. "అమ్మా, మీరు మల్లెపూలు కడుతూ ఉండండి" అన్నారు. పూలు కట్టడం నాకు కళ్లు మూసుకున్నా వచ్చు, సంతోషంగా కూర్చున్నాను. మొదట అందరూ కనపడే మాస్టర్ షాట్. నాలుగు టేకులు. తర్వాత నాన్న వేషం ఆయన సజెషన్ (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లని తీసే షాట్), తర్వాత హీరో క్లోజప్పులు. మధ్యాహ్నం దాటాక నా క్లోజప్. ఇంతలో అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. మాస్టర్‌లో నా చేతిలో మాల జానెడు ఉంది. ఇప్పుడు ఒళ్లో మూరన్నర. సీను నడిచేది మూడు నిమిషాలు, మాల మాత్రం పొద్దుటి నుంచి పెరుగుతూనే ఉంది! నా దృష్టంతా డైలాగ్ మీద, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మాల తెంపాం. తెంపితే కొస తేడాగా కనపడింది. కొత్తది కట్టాం. ఈలోగా అరుగు మీద ఎండ జరిగిపోయింది. నా క్లోజప్ వదిలేశారు. సినిమాలో ఆ సీన్‌లో నా భుజం ఉంటుంది, "ఇక ఆపండి" అన్న గొంతు ఉంటుంది.

అప్పటి నుంచి నా లెక్క ఇది. పెరిగే పని, తరిగే పని పెట్టుకోను. పూలు కట్టడం, కూరగాయలు తరగడం, చిక్కుళ్లు వలవడం, కాఫీ తాగడం, ఇవన్నీ చిక్కే. తప్పదంటే ఏ మాట దగ్గర ఏ ముక్క తీశామో గుర్తుపెట్టుకుని ప్రతి టేకులో అక్కడే తీయాలి. గ్లాసయితే తాగినట్టు ఎత్తి దించడమే, లోపల నీళ్లు తగ్గకూడదు. ఎన్నిసార్లు చేసినా మొదటికే వచ్చే పని అన్నిటికంటే మంచిది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం చూడండి. పదో టేకులో కూడా చేటలో బియ్యం అంతే ఉంటాయి. పైగా తలొంచుకుని వినొచ్చు, తలెత్తాల్సిన మాట దగ్గర ఎత్తొచ్చు. ఏరుతున్న వేలు ఆగిందంటే చాలు, ఆ మాట మనకి తగిలిందని చూసేవాళ్లకి అర్థమైపోతుంది. మగవాళ్లకి పేపర్ మడవడం, కళ్లజోడు తుడవడం ఉన్నాయి. ఒకటే జాగ్రత్త: షూటింగ్‌లోనే సౌండ్ తీసే సినిమా అయితే చేట గలగల మైకులో పడుతుంది. సౌండ్ ఆయన్ని ముందే అడిగి, వద్దంటే ఉతికిన బట్టలు మడత పెట్టుకోండి, ఒకటే తువ్వాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచి.

ఇంట్లో సాధన కావాలంటే కన్యాశుల్కం తీయండి. అగ్నిహోత్రావధాన్లు ఎగిరెగిరి పడుతున్నప్పుడు ఆయన భార్య వెంకమ్మ ఏం చేస్తూ ఉంటుంది? పుస్తకంలో ఆవిడ మాటలుంటాయి గానీ ఆ మాటల మధ్య చేతులేం చేస్తున్నాయో ఉండదు. ఎవరినైనా ఆయన డైలాగులు చదవమని, మీరు వెంకమ్మగా పది నిమిషాలు వినండి. పరిషత్తుల్లో ఆడవేషాలకి మనుషులు తక్కువ కాబట్టి ఒకే పరిషత్తులో మూడు సమాజాలకి వేసేదాన్ని. ఒకటి కోడలు, ఒకటి తల్లి, ఒకటి పిచ్చిది. మూడు నాటికల డైలాగులు కలిసిపోకుండా నేను గుర్తుపెట్టుకున్నది చేతుల్తోనే. కోడలి చెయ్యి ఎప్పుడూ కొంగు మీద, తల్లి చెయ్యి మోకాలి మీద. చెయ్యి అక్కడికి పోగానే మాట దానంతటదే వచ్చేది.

ముసలితనం

నలభైల్లోనే మనకి అరవై ఏళ్ల వేషాలు వస్తాయి, బాధపడొద్దు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'లో కృష్ణదేవరాయలుగా ఎన్టీఆర్, ఆయన "అప్పాజీ" అని పిలుచుకునే తిమ్మరుసుగా గుమ్మడి. ఆ సినిమా వచ్చేనాటికి ఎన్టీఆర్‌కి 39, గుమ్మడికి 35. పెద్దాయన వేషం వేసింది చిన్నవాడు. తెల్లగడ్డం ఎవరికైనా అతికిస్తారు. ఆ సినిమా సౌండ్ తీసేసి ఒకసారి చూడండి, గుమ్మడి ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ పడలేదో.

స్టేజీ మీద మనం నడుం వంచి, చెయ్యి వణికించి ముసలితనం చూపిస్తాం. క్లోజప్‌లో అది ఎగతాళి చేసినట్టుంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు కుర్చీలోంచి లేవడం చూడండి. లేవడానికి ముందే లేస్తారు వాళ్లు. అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకుంటారు, చెయ్యి మోకాలి మీద పెడతారు, ఒక్క క్షణం ఆగుతారు, అప్పుడు లేస్తారు. గుమ్మం దాటేటప్పుడు తలుపు చెక్క మీద చెయ్యేస్తారు. ఇవి రెండు చాలు.

ప్రాంప్టింగ్, డబ్బింగ్

నాటకంలో ప్రాంప్టర్ మాట మర్చిపోతేనే అందుకుంటాడు. ఇక్కడ చాలా సెట్లలో ప్రతి ముక్కా పక్కనుంచి అందిస్తూనే ఉంటారు, సీన్ పేపర్ పొద్దున్నే చేతికొస్తుంది కాబట్టి. మనకి కంఠతా పట్టే అలవాటుంది, పట్టేయండి. "నాకు ప్రాంప్టింగ్ వద్దు సార్" అన్న రోజు నుంచి ఆ యూనిట్ వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. తీసుకోవాల్సి వస్తే మాత్రం అందించేవాళ్ల వైపు చూపు పోకూడదు, వాళ్ల మాట పూర్తవ్వక ముందు మనం ఎత్తుకోకూడదు.

డబ్బింగ్ మనమే చెప్పుకుంటామని మొదటి రోజే అనండి. ఒక సినిమాలో నా మొహానికి వేరే ఆవిడ గొంతు పెట్టారు. నేను గుంటూరు మాటతో చేస్తే తెర మీద గోదావరి జిల్లా మాట్లాడాను. మా వీధిలో వాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. మీది కాని యాస ఒకటి గట్టిగా నేర్చుకోవడం కూడా అక్కరకొస్తుంది. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట గారు 1985లో 'ప్రతిఘటన' కాశయ్యగా తెలంగాణ మాట మాట్లాడారు, జనానికి ఆ కాశయ్య ఇంకా గుర్తే. యాస సినిమాలు చూసి నేర్చుకోకండి. ఆ ఊరి మనిషిని ఒకరిని పట్టుకుని, వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు పక్కన కూర్చోండి.

డబ్బులు

రోజుకింత అని మాట్లాడుకోండి, సినిమాకింత అని కాదు. రెండు రోజులన్న వేషం ఆరు రోజులవుతుంది. రాను పోను చార్జీలు, బస, డబ్బింగ్ రోజు, అన్నీ అందులోనా బయటా అని అడగండి. ఒప్పుకున్నది మేనేజర్‌కి వాట్సాప్‌లో మీరే రాసి పంపండి, ఆయన "సరేనమ్మా" అంటే అదే మీ కాగితం. ఒక సీరియల్‌కి పద్నాలుగు రోజులు చేసి నోటిమాట మీద వదిలేశాను. మేనేజర్ మారాడు, తర్వాత సీరియలే ఆగిపోయింది, ఆ పద్నాలుగు రోజులూ అలాగే పోయాయి. టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) పట్టుకుంటే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మన ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు. నాకు ఈ ముక్క ఐదేళ్లకి తెలిసింది.

సంచి

షూటింగ్‌కి నేను తీసుకెళ్లే గుడ్డసంచిలో వెలిసిన నూలుచీరలు రెండు, పసుపుతాడు, హవాయి చెప్పులు, పిన్నీసులు, అద్దాలు తీసేసిన కళ్లజోడు (అద్దాలుంటే లైట్లు మెరుస్తాయని కెమెరామన్ ఎలాగూ తీయిస్తారు), ఓ తువ్వాలు ఉంటాయి. చేట మాత్రం తీసుకెళ్లకండి, ప్రొడక్షన్ వాళ్లనే అడగండి. ప్యాకప్ అనగానే సామాను వ్యాను వాళ్లది, మనది అని చూడకుండా ఎక్కించేస్తుంది. నావి రెండు చేటలు అలాగే పోయాయి. అందులో ఒకటి ఆ తర్వాత వేరే సినిమాలో కనపడింది, హీరోయిన్ చేతిలో.